అడగని బాకీ

ధర్మవరంలో ఒక షావుకారు ఉండేవాడు. పుట్టుకతో షావుకారు కాదు, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి పెరిగినవాడే. తండ్రి వదిలి వెళ్లిన ఒక్క మగ్గం మీద పట్టుచీరలు నేసి నేసి, చివరికి పది కూలి మగ్గాలకు ముడిపట్టూ జరీ ఇచ్చి నేయించే స్థితికి వచ్చాడు. షావుకారు అయ్యాక కూడా ఇంట్లో పాత మగ్గాన్ని తీసేయలేదు. తెల్లవారుజామున రెండు గంటలు దాని మీద కూర్చోకపోతే ఆ రోజు ఆయనకు ఏదీ తోచేది కాదు.

ఆయనకున్న రెండో అలవాటు లెక్క రాయడం. ఏ రోజు పద్దు ఆ రోజే చిట్టాలో ఎక్కేది, వారం తిరిగేసరికి ఆవర్జాలోకి మారేది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి వ్యాపారుల లెక్కలన్నీ ఆడిటర్ల చేతికి పోయాక కూడా ఆయన ఎర్ర అట్ట పుస్తకం మానలేదు. అంకె రాసి ఊరుకునేవాడూ కాదు. ఎవరికి ఇచ్చాడో, ఎందుకు ఇచ్చాడో పక్కనే ఒక ముక్క రాసేవాడు. చూసినవాళ్లు చాదస్తం అనుకునేవారు.

ఆ సీమలో లెక్కల మాట వస్తే లేపాక్షి విరుపణ్ణ పేరు రాక మానదు. పెనుకొండలో విజయనగర రాజుల కోశాధికారిగా ఉండి, ఖజానా సొమ్ముతో వీరభద్రుడి గుడి కట్టించాడని నింద పడిందనీ, రాజు శిక్ష వేయకముందే తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడనీ చెప్పుకుంటారు. గోడ మీద ఎర్రటి మరకలు చూపిస్తారు. విరుపణ్ణ దగ్గర చిట్టా ఉండేదో లేదో, ఉంటే దాన్ని ఎవరైనా తెరిచి చూశారో లేదో ఆ కథ చెప్పదు. ఈ షావుకారు పుస్తకాన్ని మాత్రం తెరిచి చూసే రోజు వచ్చింది.

2017 ఏప్రిల్‌లో కియా కార్ల కంపెనీకీ రాష్ట్ర ప్రభుత్వానికీ ఒప్పందం కుదిరింది. పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర ఐదు వందల ఎకరాలకు పైగా భూమి ఫ్యాక్టరీకి పోయింది. అంతవరకూ వేరుశనగ వేసి ఆకాశం వైపు చూసిన చేల గట్ల మీదికి కార్లు వచ్చి ఆగడం మొదలైంది. పొద్దున చెప్పిన ధర సాయంత్రానికి ఉండేది కాదు. మరుసటి ఏడు షావుకారు కూడా హైవేకు కాస్త లోపలగా పావు ఎకరం కొన్నాడు. ధర ముప్ఫై లక్షలు. పది తన చేతి సొమ్ము, ఇరవై వియ్యంకుడు ఇచ్చాడు.

వియ్యంకుడిది హిందూపురం. చింతపండు, బెల్లం వ్యాపారం. షావుకారు ఒక్కగానొక్క కూతుర్ని ఆ ఇంటికి ఇచ్చి అప్పటికి రెండేళ్లయింది. షావుకారు ప్రోనోటు రాయబోతే వియ్యంకుడు వారించాడు. డబ్బు బ్యాంకు ద్వారా పంపాడు, వడ్డీ ప్రస్తావన తేలేదు. రిజిస్ట్రేషన్ అయిన రోజు షావుకారు తన నేతగాళ్లందరినీ పిల్లాజెల్లాతో సహా ఆటోల్లో ఎర్రమంచికి తీసుకెళ్లి, స్థలంలో టెంకాయ కొట్టి చక్కెర పంచాడు. ఈ చక్కెర సంగతి గుర్తుంచుకోవాలి.

2019 ఆగస్టులో ఫ్యాక్టరీ నుంచి మొదటి సెల్టోస్ కారు బయటికి వచ్చింది. డిసెంబరు 5న ప్రారంభోత్సవం జరిగింది. షావుకారు స్థలాన్ని అడగడానికి మాత్రం ఎవరూ రాలేదు. చుట్టుపక్కల కొనదలచుకున్నవాళ్లంతా ఆయనలాగే ముందే కొనేసి, ఆయనలాగే అమ్మడానికి కూర్చున్నారు. నాలుగు నెలలు తిరక్కముందే 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. పెళ్లిళ్ల కోసం నేయించిన చీరలు బీరువాల్లోనే ఉండిపోయాయి. ముడిపట్టు అరువిచ్చిన వ్యాపారి ఫోను మీద ఫోను చేశాడు. షావుకారు నడిపే చీటీలు ఎత్తుకున్నవాళ్లు కట్టడం మానేశారు, ఎత్తుకోనివాళ్లు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు మీద వడ్డీ పెరుగుతూ పోయింది.

ఆ దసరా నాడు షావుకారు పుస్తకానికి పూజ చేసి, ఆవర్జా మొత్తం కూడి చూసుకున్నాడు. ఇల్లు బ్యాంకు తాకట్టులో ఉంది, దాన్ని పక్కన పెట్టాడు. ముడిపట్టు వ్యాపారికి ఇరవై ఐదు లక్షలు, చీటీల వాళ్లకు పదిహేను, వడ్డీ వ్యాపారికి పదిహేను, నేతగాళ్ల కూలీలూ చేబదుళ్లూ కలిపి ఎనిమిది, వియ్యంకుడికి ఇరవై. మొత్తం ఎనభై మూడు లక్షలు. ఎర్రమంచి స్థలం, చీరలు, మగ్గాలు అన్నీ తెగనమ్మినా అందులో సగం రాదని ఆయనకు ఆ రాత్రే తెలిసిపోయింది.

తెలిసిన తరవాత రెండు పనులు చేశాడు.

మొదటిది దీపావళికి ముందు. వడ్డీ వ్యాపారి లాయరు నోటీసు పంపి, ఇంటికి వచ్చి, వారంలో కొంతైనా కట్టకపోతే దావా వేసి సరుకు జప్తు చేయిస్తానని పట్టుబట్టాడు. షావుకారు చీరలు సగం ధరకు అమ్మి మూడు లక్షలు కట్టాడు. దావా వేస్తానని పట్టుబట్టినందున కట్టినట్టు చిట్టాలో రాసుకున్నాడు.

రెండోది కార్తీక మాసంలో. ఎర్రమంచి స్థలాన్ని వియ్యంకుడి పేర రిజిస్టరు చేయించి, ఇరవై లక్షల బాకీ చెల్లు వేసుకున్నాడు. వియ్యంకుడు ఆ డబ్బు గురించి ఎన్నడూ నోరు తెరవలేదు. అసలు ఆ నోరు తెరవకపోవడమే షావుకారును నిద్రపోనివ్వలేదు. అరుగు మీద కూర్చుని అరిచినవాడికి మొహం చాటేయగలిగాడు గానీ, పండక్కి బట్టలు పెట్టి పంపిన వియ్యంకుడికి మొహం చూపించలేకపోయాడు. ఆ రాత్రి చిట్టాలో, ఆయన అడగలేదనీ, అమ్మాయి ఆ ఇంట్లో తలెత్తుకుని తిరగాలని తానే రాసిచ్చాననీ ఎక్కించాడు.

సంక్రాంతి వెళ్లగానే ఐపీ పెట్టాడు.

ఐపీ పెట్టాడంటే ఊళ్లో అది తిట్టుతో సమానం. బోర్డు తిప్పేసినవాడూ, రాత్రికి రాత్రి బస్సెక్కినవాడూ, కోర్టుకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పుకున్నవాడూ జనం లెక్కలో ఒకటే. కానీ ఐపీ, అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, పారిపోవడానికి వేసే కాగితం కాదు. ఆ పిటిషన్‌లో బాకీలన్నీ, ఆస్తులన్నీ, అప్పులిచ్చినవాళ్ల పేర్లూ చిరునామాలూ రాసి సంతకం పెట్టాలి. దానికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. ఐదు వందల రూపాయల బాకీ తీర్చలేనివాడు కూడా దాని కింద కోర్టు మెట్లెక్కవచ్చని అందులో ఉంది. ఆ అంకె చూస్తేనే చట్టం వయసు తెలుస్తుంది. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చినా, మనుషుల సొంత బాకీలకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్లకే వర్తింపజేశారు. మిగతావాళ్లకు పాత చట్టమే దిక్కయింది.

షావుకారు తన లాయరుకు అన్నీ చెప్పాడు, ఎర్రమంచి స్థలం సంగతి తప్ప. దాచాలని కాదు. అమ్మేసింది తనది కాదు కదా, దాని గురించి చెప్పేదేముంది అనుకున్నాడు.

నోటీసులు వెళ్లాయి. అందులో ఒకటి ఒక ముసలి నేతగాడికి అందింది. అతనికి రావలసిన కూలి నలభై ఆరు వేలు. చేతిలో చిత్తు కాగితం లేదు, సాక్షి లేడు. అయినా ఆవర్జాలో ఉన్నది ఉన్నట్టు జాబితాకెక్కింది కాబట్టి అతని పేరూ అందులో ఉంది. తమ పేరు రాసినందుకు సంతోషించాలో, డబ్బు రాదని రాసినందుకు ఏడవాలో ఆ ఇంట్లో వాళ్లకు తెలియలేదు.

ఆ నేతగాడి కొడుకు మగ్గం వదిలేసి, ఎర్రమంచి దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో పనికి చేరాడు. రోజూ కంపెనీ బస్సులో ఆ దారినే పోయేవాడు. రిజిస్ట్రేషన్ రోజున చక్కెర తిన్న స్థలం వాడికి తెలుసు. ఒకరోజు దాని చుట్టూ కొత్తగా కాంపౌండు గోడ లేచి ఉంది. గోడ మీద హిందూపురం చింతపండు మండీ పేరు ఎర్ర రంగుతో రాసి ఉంది. ఇంటికొచ్చి తండ్రికి చెప్పాడు. తండ్రి చీటీల వాళ్లకు చెప్పాడు. వాళ్లు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఆ స్థలం లావాదేవీలు చూపే ఈసీ తీయించారు. ఐపీకి రెండు నెలల ముందు రిజిస్ట్రేషన్, కొన్నవాడు వియ్యంకుడు.

అంతవరకూ అప్పులిచ్చినవాళ్లలో సగం మంది కోర్టుకు వచ్చే ఉద్దేశంలోనే లేరు. పోయింది పోయిందని ఊరుకున్నవాళ్లు కూడా ఆ రోజుతో లేచారు. అందరూ కలిసి లాయరును పెట్టుకుని కౌంటరు వేశారు. షావుకారు దివాలా తీయలేదనీ, ఆస్తిని వియ్యంకుడి పేర దాచాడనీ, ఆ ఇరవై లక్షల బాకీయే బూటకమనీ, కూతురి పెళ్లికి ఊరంతా పిలిచి తగలేశాడనీ రాశారు. ఇంట్లో ఉన్న మగ్గాన్ని కూడా వదలలేదు. ఆయన వ్యాపారి, నేతగాడు కాదు, కాబట్టి అదీ వేలం వేయాలన్నారు.

కోర్టు ముందుగా ఒక సంగతే చూసింది. మనిషి బాకీలు తీర్చలేని స్థితిలో ఉన్నాడా లేడా? పైకి చూస్తే ఉన్నట్టే కనిపించింది. దివాలాదారుగా ప్రకటించి, ఆస్తిని అఫీషియల్ రిసీవరుకు అప్పగించింది. ఇక కోర్టు అనుమతి లేకుండా ఎవరికి వారు దావాలు వేసుకోవడానికి వీల్లేకుండా పోయింది. బ్యాంకు మాత్రం తాకట్టు పట్టుకున్నది కాబట్టి పక్కనుంచి వెళ్లి ఇల్లు అమ్ముకుంది. బాకీదారు చేసిన తప్పొప్పుల లెక్క తరవాత, బాకీల నుంచి విడుదల అడిగే రోజున తేలుతుందని కోర్టు చెప్పడం అప్పులవాళ్లకు రుచించలేదు. వాళ్లు ఆ రోజే తేలాలనుకున్నారు.

వాయిదాలు నడిచాయి. కేసు మధ్యలో 2022 ఏప్రిల్‌లో జిల్లా చీలింది. అనంతపురం జిల్లా అని మొదలైన కాగితాల మీద శ్రీ సత్యసాయి జిల్లా అని రాయవలసి వచ్చింది. రిసీవరు ఎర్రమంచి అమ్మకాన్ని రద్దు చేయమని అర్జీ పెట్టాడు. అప్పుడు ఎర్ర అట్ట పుస్తకం కోర్టుకు వచ్చింది.

పుస్తకం తెరిచాక షావుకారుకు మేలూ కీడూ ఒకే పేజీలోంచి వచ్చాయి. ఇరవై లక్షలు వచ్చిన తేదీ బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోయింది. బాకీ బూటకమన్న మాట వీగిపోయింది. ఆస్తిని మోసంతో దాచినవాడికి ఆ చట్టంలో ఏడాది దాకా జైలు ఉంది, ఆ భయం తప్పింది. పెళ్లి ఖర్చు కూడా నాలుగేళ్ల ముందుదనీ, అప్పటి రాబడికి మించలేదనీ లెక్క చెప్పింది. కానీ స్థలం రాసిచ్చిన రాత్రి పద్దు పక్కన ఆయన అడగలేదని రాసి ఉంది. తీర్చలేని స్థితిలో ఉన్నవాడు, మిగతావారి కంటే ఒకరికి మేలు చేయాలన్న ఉద్దేశంతో ఇచ్చింది, ఇచ్చిన మూడు నెలల్లోపు ఐపీ పడితే చెల్లదని చట్టంలో ఉంది. ఉద్దేశాన్ని రుజువు చేయడం మామూలుగా ఎంతో కష్టం. ఇక్కడ బాకీదారే స్వదస్తూరీతో రాసి పెట్టాడు. అమ్మకం రద్దయింది.

వడ్డీ వ్యాపారి పట్టుకుపోయిన మూడు లక్షల మాటా వచ్చింది. ఆ పద్దు పక్కన దావా వేస్తానని పట్టుబట్టినందున అని ఉంది. ఒత్తిడికి లొంగి కట్టినది ఇష్టపడి చేసిన మేలు కాదని కోర్టు దాన్ని కదపలేదు. అరిచినవాడికి దక్కింది, అడగనివాడికి దక్కలేదు. వినడానికి వింతగా ఉంటుంది. ధర్మవరంలో చాలామందికి ఇప్పటికీ అది న్యాయంగా తోచదు. చట్టం మాత్రం పుచ్చుకున్నవాడి మంచితనాన్ని కాక ఇచ్చినవాడి మనసును చూసింది.

ఇంట్లో మగ్గం సంగతి తేల్చడానికి రిసీవరు స్వయంగా వెళ్లాడు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. చేతివృత్తివాడి పనిముట్లు జప్తుకు రావని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో ఉంది, అలాంటివి రిసీవరుకూ చెందవు. ఆ ఒక్క మగ్గం మిగిలింది. కూలివాళ్లకిచ్చిన పది మగ్గాలు వేలానికి పోయాయి.

స్థలం వేలంలో ఇరవై నాలుగు లక్షలు పలికింది. చీరలూ మగ్గాలూ కలిపి తొమ్మిది. ఖర్చులు ఒక లక్ష పోను ముప్ఫై రెండు మిగిలింది. బాకీలు, వడ్డీ వ్యాపారికి ముట్టింది పోను, ఎనభై లక్షలు. రూపాయికి నలభై పైసల వంతున వచ్చింది. కూలీల బాకీ ముందు తీర్చాలని చట్టంలో ఉంది గానీ ఆ ముందు వాటా మనిషికి ఇరవై రూపాయలకు మించకూడదు. 1920లో ఇరవై రూపాయలు కూలివాడికి పెద్ద మొత్తమే అయి ఉంటుంది. ముసలి నేతగాడు ఆ ఇరవై ముందు తీసుకుని, తక్కినదానికి అందరితో పాటు నలభై పైసలు తీసుకున్నాడు. స్థలం గోడ లోపలే ఉండిపోయి ఉంటే అతనికి రూపాయికి పదమూడు పైసలు వచ్చేవి.

వియ్యంకుడికి ఎనిమిది లక్షలు వచ్చాయి. షావుకారు ఏమీ రాసివ్వకుండా ఊరుకున్నా ఆయనకు ఆ ఎనిమిది ఎలాగూ వచ్చేవి. మేలు జరిగినందువల్ల కాంపౌండు గోడకు పెట్టిన రెండు లక్షలూ లాయరు ఖర్చులూ అదనంగా పోయాయి. పోయిన డబ్బు కంటే, బినామీ అని ఊరంతా అన్న మాట ఆయనను ఎక్కువ కాల్చింది. రెండు ఉగాదులకు కూతురు పుట్టింటికి రాలేదు.

విడుదల అడిగే రోజు వచ్చింది. రూపాయికి అర్ధరూపాయి కూడా ఇవ్వలేని బాకీదారు, ఆ కొరతకు తన తప్పు కారణం కాదని చూపించాలి. లాక్‌డౌన్, అమ్ముడుపోని చీరలు, అంతకు ముందు మూడేళ్ల లెక్కలు అన్నీ ఆయన తరఫున నిలబడ్డాయి. అప్పులవాళ్లు ఒక్క విషయం పట్టుకున్నారు. ఐపీకి ముందు మూడు నెలల్లో ఒకరికి పక్షపాతం చూపినవాడికి షరతుల్లేని విడుదల ఇవ్వకూడదు. ఆ మాట నిజం. కోర్టు ఏడాది పాటు ఆయన సంపాదనలో కొంత రిసీవరుకు కట్టాలని షరతు పెట్టి విడుదల ఇచ్చింది. అది పూర్తయ్యేదాకా యాభై రూపాయలైనా అప్పు తీసుకోవాలంటే తాను దివాలాదారునని ముందే చెప్పాలి. ఆయన మరో షావుకారు దగ్గర కూలికి నేయడానికి వెళ్లి, పట్టు చేతికి తీసుకోకముందే ఆ సంగతి చెప్పాడు. కొత్త షావుకారు ఒక్క క్షణం ఆలోచించి పట్టు తూచి ఇచ్చాడు.

ఏడాది నిండింది. పాత బాకీలన్నీ చట్టం దృష్టిలో తీరిపోయాయి. ఆ మరుసటి నెల నుంచి ఆయన తన కూలిలో కొంత తీసి, వంతుల వారీగా పాతవాళ్లకు ఇవ్వడం మొదలుపెట్టాడు. ముసలి నేతగాడు పుచ్చుకున్నాడు. వియ్యంకుడు మొదట తిప్పి పంపాడు, కొంతకాలానికి పుచ్చుకున్నాడు. ఈసారి కౌంటరు వేసినవాళ్లు లేరు. ఇచ్చేది ఆయన నేసి సంపాదించుకున్నది.

ఈ షావుకారు దాచుకున్నది ఏమీ లేదు, పుస్తకంలో అబద్ధం రాసిందీ లేదు. తీర్చలేనని దసరా రాత్రి తెలిసిన తరవాత కూడా ఎర్రమంచి స్థలం తనదేననీ, తనకు నచ్చినవాడికి ఇవ్వవచ్చనీ అనుకోవడమే ఆయన చేసిన పొరపాటు. ఆ రాత్రి నుంచి ఆ పావు ఎకరంలో నేతగాడి నలభై ఆరు వేలూ ఉన్నాయి, చీటీల వాళ్ల పదిహేను లక్షలూ ఉన్నాయి, కాబట్టి వియ్యంకుడికి చేసిన మేలు వాళ్ల వాటాలోంచి చేసిందే అయింది. నష్టపోయి ఊరుకున్నవాళ్లు కూడా కోర్టుకు వచ్చింది, నష్టం అందరికీ సమానంగా పంచలేదని ఆ గోడ మీద చదివాకే.